తేలిక వేఱు, పలుచన వేఱు

బరువైన వస్తువే గట్టిదనియు, తేలికయైనది త్వరలో విఱిగిపోవుననియు లోకమున నొక నమ్మకము పాతుకొని యున్నది. ఇంటి తలుపు మొదలుకొని ఇనుప పెట్టె వఱకు మనవారు వస్తువును కొనునపుడు ముందుగా చేతితో ఎత్తి చూచి, బరువును బట్టియే మన్నికను నిర్ణయింతురు. ఇటీవలి కాలమున దీనికి సరిగా ఎదురైన మఱియొక నమ్మకము బయలుదేఱినది. ఖరీదైన లోహముతో చేసినదెల్ల తేలికయనియు, తేలికయైనదెల్ల మేలనియు నవీనులు తలంచుచున్నారు. ఈ రెండును పొరపాటే యని మా యభిప్రాయము. ఈ వివాదమున సాక్ష్యము పలుకదగిన యంత్రమొకటి యున్నది. అది ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతములలో, నడుములోతు మంచుపై, దారి లేని వాలులపై తిరుగు స్నోమొబైలు, అనగా మోటారు మంచుబండి. అచ్చటి పనివారు కొందఱు తమ చిన్న కార్ఖానాలలో ఆ బండిని విప్పి, తూచి, మార్చి, తమ కొండకును తమ దేహమునకును తగినట్లు మరల కట్టుకొందురు. ఆ విద్యను మన చదువరుల యెదుట నుంచుటయు, దానిపై మా తీర్పును నిర్భయముగా చెప్పుటయు ఈ వ్యాసమున మా యుద్దేశము.

మంచు ఎఱుగని గడ్డపై మంచుబండి ప్రసంగమేల యని కొందఱు నవ్వవచ్చును. గుల్మార్గునకు విహారమునకై వెళ్లిన తెలుగు కుటుంబములు ఈ బండ్లపై కూర్చుండి ఛాయాచిత్రములు తీయించుకొని వచ్చుచున్నవి, అది వినోదము. వినోదము కాని సంగతియు నున్నది. 1984వ సంవత్సరము నుండి మన సైనికులు సియాచిన్ హిమానీనదముపై కాపలా కాయుచున్నారు. అచ్చట స్నో స్కూటర్లని పిలువబడు ఈ బండ్లే మంచుపై మనుష్యులను, సరకులను మోయు సాధనములలో నొకటి. 2016 ఫిబ్రవరి 3వ తేదీన 19,600 అడుగుల ఎత్తుననున్న సోనం ఠాణాపై మంచు విఱిగిపడగా అసువులు బాసిన పదుగురు మద్రాసు రెజిమెంటు సైనికులలో ఒకరు మన కర్నూలు జిల్లా వీరుడు. ఆ హిమరాశి నుండి ఏ బండియు వారిని కాపాడి యుండదు. అయినను ఆ మంచుపై తెలుగువాడు నిలిచియుండగా, మంచుపై నడచు యంత్రము తెలుగువానికి పరాయిదని యెవరనగలరు?

ఈ బండి పుట్టుక కథ వినదగినది. కెనడా దేశపు క్వెబెక్కు రాష్ట్రమున వాల్కోర్ట్ అను గ్రామము గలదు. అచ్చట 1907లో జన్మించిన జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియర్ పదునైదేండ్ల ప్రాయమున, 1922 డిసెంబరు చివర, పాత ఫోర్డు కారు ఇంజనును స్లెడ్జిపై అమర్చి, వెనుక కఱ్ఱ పంకా బిగించి, దానిని గ్రామ వీధులలో నడపెను. పంకా తగిలి ఎవరి ప్రాణము పోవునో యని భయపడి తండ్రి దానిని విప్పివేయుమని యాజ్ఞాపించెను. కుఱ్ఱవాడు విప్పెను గాని ఆలోచనను విడువలేదు. 1934 శీతకాలమున అతని రెండేండ్ల కుమారుడు అపెండిసైటిసు వ్యాధిచే బాధపడెను. త్రోవలన్నియు మంచుతో పూడిపోయి యుండుటచే ఆసుపత్రికి చేర్చు మార్గము లేక ఆ పసివాడు మరణించెను. ఆ తరువాత కొలదికాలములోనే, రబ్బరు తొడిగిన పండ్ల చక్రముతో పట్టాను త్రిప్పు పద్ధతిని అతడు సాధించెను. 1937లో దానికి పేటెంటు లభించెను. ఏడుగురు కూర్చుండదగిన అతని బండ్లు మంచు పల్లెలలో వైద్యులకును, తపాలాకును, బడిపిల్లలకును వాహనములయ్యెను.

అయినను ఒక్కరిద్దఱెక్కి అడవులలో తిరుగదగిన చిన్నబండిని చేయవలెనని అతనికి యౌవనము నుండియు గల కోరిక చిరకాలము తీరలేదు. ఏల? ఇంజనులు బరువైనవి. మంచు అంత బరువును మోయదు. తేలికయైన చిన్న ఇంజనులును, వెడల్పయిన అతుకు లేని రబ్బరు పట్టాయు సిద్ధించిన పిమ్మటనే, 1959లో, అతని చిన్నబండి స్కీ-డూ అను పేరుతో వెలువడెను. అనగా ఈ యంత్రమునకు లోకమున ప్రవేశము కల్పించినదే తేలికతనము. దీనిని పాఠకులు జ్ఞాపకముంచుకొన గోరెదము.

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, సేనర్ అను పల్లెలో, కార్ల్ ఎలియాసన్ అను దుకాణదారుడు 1924లో ఇట్టిదే యొకటి నిర్మించెను. పాదమున లోపమున్నందున మంచులో వేటకు పోవు మిత్రులతో సమముగా నడువలేక, పడవకు తగిలించు రెండున్నర గుఱ్ఱముల ఇంజనును, సైకిలు భాగములను, స్కీలను, పాత ఫోర్డు కారు రేడియేటరును కూర్చి బండి కట్టెను. 1927లో పేటెంటు పొందెను. మిన్నెసోటా రాష్ట్రపు రోజో పట్టణమున వ్యవసాయపు పనిముట్లు చేయు చిన్న కార్ఖానాలో, 1950ల నడుమ, ధాన్యమెత్తు యంత్రపు గొలుసును పట్టాగా చేసి, కారు బంపరు ముక్కలను స్కీలుగా వంచి యొక బండి చేసిరి. అదియే పోలారిసు సంస్థ మంచుబండ్లకు మొదలు. 1960లో ఆ సంస్థ స్థాపకులలో నొకడగు ఎడ్గార్ హెటీన్ తన బండ్లపై అలాస్కాలో బెతెల్ నుండి ఫెయిర్‌బ్యాంక్సు వఱకు, సుమారు 1,200 మైళ్లు, ప్రయాణము చేసి వాటి సత్తువను ఋజువు చేసెను.

ఈ ముగ్గురును చేతిపనివారు. పల్లెటూరి కొట్టములో, చేత దొరికిన పాత సామానుతో, కంటి యెదుట నున్న కష్టమును తీర్చుకొనుటకు పని చేసినవారు. కాబట్టి నేడు మొంటానాలోనో, ఐడహోలోనో, బ్రిటిషు కొలంబియాలోనో ఒక పనివాడు కర్మాగారపు బండిని విప్పి తనకు తగినట్లు కట్టుకొనుచున్నాడనిన, అతడు ఆ యంత్రపు తాతముత్తాతల త్రోవనే నడచుచున్నాడని భావింపవలెను. సీలు వేసిన పెట్టెలో నుంచి, మేమే విప్పవలెను, మేమే బిగింపవలెనని శాసించు వ్యాపార పద్ధతిని మేము ఎన్నడును మెచ్చము. తన బండిని తాను విప్పలేనివాడు దానికి యజమాని కాడు, కౌలుదారుడు మాత్రమే.

ఇక కొండ యేమి కోరుచున్నదో విచారింతము. మొదటిది గాలి. సముద్రమట్టము నుండి ప్రతి వేయి అడుగులకును ఇంజను బలము సుమారు నూటికి మూడు వంతులు తగ్గునని పనివారి లెక్క. 10,000 అడుగుల ఎత్తున 160 గుఱ్ఱముల ఇంజను 112 గుఱ్ఱములకు దిగిపోవును. టర్బో అమర్చి గాలిని కుదించి పంపినచో పోయిన బలము తిరిగి వచ్చును గాని, టర్బో బరువు, వేడిమి, చిక్కులు దానితోనే వచ్చును. నాలుగు స్ట్రోకుల ఇంజను నెమ్మదైనది, పొదుపైనది, కాని బరువైనది. అందుచేతనే కొండబండ్లలో రెండు స్ట్రోకుల ఇంజను ఇంకను రాజ్యమేలుచున్నది. ఎత్తు ఇంజను బలమును దొంగిలింపగలదే కాని, తగ్గించిన బరువును దొంగిలింపజాలదు.

రెండవది మంచు. లెక్క కొఱకు బండి 450 పౌనులు, మనిషి 180, నూనెయు సామానును 70, మొత్తము 700 పౌనులనుకొందము. పట్టా వెడల్పు 15 అంగుళములు, మంచును తాకు పొడవు 60 అంగుళములు, వైశాల్యము 900 చదరపు అంగుళములు. ముందరి స్కీలు పంచుకొను భాగమును విడిచినను, చదరపు అంగుళమునకు ముప్పాతిక పౌను పైచిలుకు మాత్రమే భారము పడును. అదే మనిషి క్రిందికి దిగి ఒంటికాలిపై నడచినచో, పాదము 36 చదరపు అంగుళములైన, అంగుళమునకు 5 పౌనులు. బండి తేలుచోట మనిషి మునుగుటకు కారణమిదియే. ఇందు ముఖ్యమైన హెచ్చరికయు నున్నది. చెడిపోయిన బండిని విడిచి నడచి వచ్చెదననుకొనువాడు, ఆ మంచులో గంటకు ఎంత దూరము నడువగలడో ముందుగా ఆలోచించుకొనవలెను.

ఈ లెక్కలోనే మఱియొక సత్యము దాగియున్నది. బండి బరువులో పదవవంతు, అనగా 45 పౌనులు, మహా ప్రయాసతో తగ్గించితిమనుకొందము. మంచుపై భారము నూటికి ఆఱు వంతుల చిల్లర తగ్గును. పట్టాను 154 అంగుళముల చుట్టుకొలత నుండి 165 అంగుళములకు పెంచినచో, మంచును తాకు పొడవు అయిదున్నర అంగుళములు పెరిగి, వైశాల్యము నూటికి తొమ్మిది వంతులు హెచ్చును. అయినచో తేలుటకు పట్టా పొడిగించిన చాలదా? చాలదు. పొడవైన పట్టా తానే బరువు. చెట్ల నడుమ తిరుగనొల్లదు. ఇంజను దానిని త్రిప్పుటకే కొంత బలమును వెచ్చింపవలెను. మఱియు వాలుపై అడ్డముగా పోవునపుడు బండిని ఒక స్కీ అంచుపై నిలిపి బిగబట్టువాడు మనిషియే. గోతిలో కూరుకొన్నపుడు వెనుకభాగమును ఎత్తి ప్రక్కకు లాగువాడును మనిషియే. ఆ నడుమునకు చదరపు అంగుళపు లెక్క పనికిరాదు. దానికి బండి మొత్తపు బరువే లెక్క. కావున తేలికతనము మంచుకంటెను మనిషికే ఎక్కువ మేలు.

మూడవది లోహము. ఇచ్చటనే నవీనులు మోసపోవుచున్నారు. ఘనసెంటీమీటరు ఉక్కు 7.85 గ్రాములు, టైటానియము నాలుగున్నర, అల్యూమినియము 2.7 గ్రాములు తూగును. ఉక్కును తీసి అల్యూమినియము పెట్టినచో బరువు మూడవవంతునకు దిగునని సంబరపడుదురు. కాని అల్యూమినియపు బిగువును ఉక్కు బిగువులో సుమారు మూడవవంతే. టైటానియపు బిగువు సగమునకు కొంచెము పైన. బరువునకు బిగువునకు గల నిష్పత్తి మూడింటికిని దాదాపు ఒక్కటే! సృష్టికర్త ఈ లోహములను త్రాసులో సరిదూచి పంపెనా యనిపించును. ఒకే కొలతగల గొట్టమును లోహము మాత్రము మార్చి బిగించువాడు తేలికను కొని బిగువును అమ్ముకొన్నవాడగును.

అయినచో లాభమెచ్చట నున్నది? ఆకారమున నున్నది. అంతే లోహముతో గొట్టపు వ్యాసమును రెట్టింపు చేసి, గోడ మందమును సగము చేసినచో, వంగకుండ నిలుచు బిగువు నాలుగు రెట్లగును. మన వెదురు బొంగు ఈ పాఠమును ఎన్ని వేల యేండ్ల నుండియో చెప్పుచునే యున్నది. కాని దీనికిని హద్దు గలదు. గోడ మరీ పలుచనైనచో రాతి దెబ్బకు సొట్టపడును. సొట్టపడిన చోటనే గొట్టము మడతపడును. ఎచ్చట వెడల్పు చేయవలెనో, ఎచ్చట మందము నిలుపవలెనో తెలిసికొనుటయే ఈ విద్యకు ప్రాణము. డబ్బుతో లోహము దొరకునే కాని ఈ వివేకము దొరకదు.

ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క స్వభావము గలదు. క్రోమియము, మాలిబ్డినము కలిపిన క్రోమోలీ ఉక్కు వెల్డింగునకు లొంగును. విఱుగుటకు ముందు వంగి హెచ్చరించును. పల్లెలోని కమ్మరి కూడ దానిని సరిచేయగలడు. గట్టిపఱచిన అల్యూమినియమును వెల్డు చేసినచో, మరల వేడిమి సంస్కారము చేయనిదే, అతుకు ప్రక్కన దాని బలము దాదాపు సగము పోవును. అంతే కాక, ఉక్కు ఒక మితమునకు లోబడిన అదరులను ఎంతకాలమైనను సహించును. అల్యూమినియమునకు అట్టి మితము లేదు. ప్రతి అదరును ఖాతాలో వ్రాసికొని యుండి, ఒకనాడు పగులు రూపమున బాకీ వసూలు చేయును. టైటానియమును వెల్డు చేయునపుడు గాలి సోకనీయక ఆర్గాను వాయువుతో కాపాడనిచో అతుకు పెళుసగును. కార్బను నారతో చేసిన రేకు ఎంతయో తేలిక. కాని దెబ్బతినినపుడు లోపలి పొరలు విడిపోయినను పైకి నునుపుగానే కనబడును. అది నేరుగా అల్యూమినియమును తాకి తడిసినచో అల్యూమినియమును తినివేయును. వీనిలో దేనిని నిందించుటయు మా యుద్దేశము కాదు. ఎవరిని ఏ కొలువులో నుంచవలెనో ఎఱుగని యజమానినే మేము నిందించుచున్నాము.

న్యాయస్థానములలో ఋజువు భారము ఎవరిపై నున్నదను ప్రశ్న వాదమంతటికిని మూలము. బండి కట్టువాడును ఈ ప్రశ్ననే వేయవలెను. ఈ బోల్టును తీసివేయుటకు కారణమేమి యని అడుగరాదు. ఇది ఉండుటకు కారణమేమి యని అడుగవలెను. ప్రతి భాగమును బోనులో నిలువబెట్టి, నీవు మోయు బరువేది, నీవు లేకున్న ఎవరు విఱుగుదురు, అని విచారింపవలెను. త్రాసును ప్రక్కన పెట్టుకొని ప్రతిదానిని తూచి పుస్తకమున వ్రాయవలెను. పదునాఱు ఔన్సులు ఒక పౌను; నూటయఱువది చోట్ల ఒక్కొక్క ఔన్సు తగ్గించినచో పది పౌనులు తగ్గును. ఒక్క టైటానియపు సామానునకు సంచెడు రూకలు పోసినవానికి దక్కని లాభము, ఓపికతో తూచినవానికి దక్కును. పట్టా, దానిని త్రిప్పు ఇరుసు, క్లచ్ మున్నగు తిరుగు భాగములలో తగ్గించిన ఔన్సు, కదలని చోట తగ్గించిన ఔన్సుకంటె విలువైనది. ఏలనగా ఇంజను దానిని మోయుటయే కాక మాటిమాటికి వేగము హెచ్చించి త్రిప్పవలసి యున్నది.

రంధ్రములు పొడుచుట తేలికచేయుటలో అందఱికిని తెలిసిన ఉపాయము. అదియు శాస్త్రము నెఱిగి చేయవలెను. వంగు పలకకు మధ్యభాగమున శ్రమ తక్కువ, అంచులలో ఎక్కువ. కాబట్టి రంధ్రము మధ్యమున నుండవలెను. అంచును నునుపు చేయవలెను. మూలలను గుండ్రముగా త్రిప్పవలెను. పదునైన మూల పగులునకు పుట్టినిల్లు.

విచారణ చేయక తీసివేయువారి గతి యెట్లుండునో రెండు దృష్టాంతములు చెప్పెదము. పట్టా లోపలివైపు జారు ప్లాస్టిక్కు పలకలకును, పట్టాకును నడుమ చిన్న చక్రములుండును. మెత్తని మంచులో వీని యవసరము కనబడదు. మంచే కందెనగా పనిచేయును. బరువని వీనిని తీసివేసినవాడు కొండకు చేరులోపల గట్టిగా గడ్డకట్టిన బాటపై పది మైళ్లు పోవునప్పటికి పలకలు వేడెక్కి కరగి అరిగిపోవును. అట్లే ఇంజను నీటిని చల్లార్చు గొట్టములు పట్టాపైనుండు అల్యూమినియపు కప్పులో ఇమిడియుండి, పట్టా విసరు మంచుచే చల్లబడును. వానిని కుదించినవాడు పొడిమంచులో బాగుగనే తిరిగి, మంచు విసరని గట్టి నేలపై ఇంజనును కాల్చుకొనును. బండి కొండపైననే కాదు, కొండకు పోవు దారిలోను బ్రతుకవలెను గదా!

గట్టితనమును గుఱించియు మనవారిలో నొక భ్రమ గలదు. ఏదియు విఱుగకుండ కట్టుటయే గట్టితనమని తలంచుచున్నారు. మంచు క్రింద దాగిన రాయో, చెట్టు మొద్దో తగిలినపుడు ఏదో యొకటి విఱిగియే తీరును. విఱుగవలసినదేది యని నిర్ణయించుట నిర్మాతకు గల అధికారము. ముందరి స్కీని పట్టుకొను క్రింది చేయి వంగి, దాని వెనుకనున్న ప్రధానమైన గూడు నిలిచినచో, అరగంటలో కొత్త చేయి బిగించి ఇల్లు చేరవచ్చును. ఆ చేతిని లావుపాటి ఉక్కుతో మార్చి గర్వించువాడు, దెబ్బను నేరుగా గూటికి పంపినవాడగును. గూడు చినిగిన బండికి కొండపై చికిత్స లేదు. త్యాగము చేయు భాగము చౌకగా, తేలికగా, సంచిలో మోసికొనిపోదగినదిగా నుండవలెను. వీలైనంతవఱకు ఒకే కొలత బోల్టులు వాడినచో రెండు రెంచీలతో బండి అంతయు విప్పవచ్చును. చేతితొడుగులు తీయకుండ విప్పగలుగుట ఇంకను మేలు.

కర్మాగారములు ఈ విషయమున నిద్రించుచున్నవని మేమనము. 2011 నమూనాగా పోలారిసు వారు వెలువరించిన కొండబండిలో అల్యూమినియపు చట్టమును జిగురుతో అతికించి, 431 పౌనులకు తెచ్చితిమని ప్రకటించిరి. 2019 నమూనాగా ఆర్కిటిక్ క్యాట్ వారు వెనుక పట్టాకు రెండు పట్టీలకు మారుగా ఒకే దూలమును అమర్చిరి. ఇవి మెచ్చదగిన పనులు. ఇట్టివానిని చూచి, సొంతముగా బండి కట్టువారి కాలము చెల్లినదని కొందఱందురు. మేమట్లు తలంపము. కర్మాగారము వేలమందికి సరిపడు సగటు మనిషికి బండి కట్టును. సగటు మనిషి కొండపై నెన్నడును కనబడడు. నూటయిరువది పౌనుల స్త్రీకిని, రెండువందలయేబది పౌనుల పురుషునికిని ఒకే షాకబ్సార్బరు స్ప్రింగు ఎట్లు తగును? ఎక్కువ ఎత్తున తిరుగువానికిని, తక్కువ ఎత్తున తిరుగువానికిని ఒకే గేరు ఎట్లు తగును? మఱియు జిగురుతో అతికిన చట్టమును పల్లెటూరి కొట్టములో విప్పి బాగుచేయుట కష్టము. బాగుచేయవీలుకాని తేలికకంటె, బాగుచేయదగిన రెండు పౌనుల అదనపు బరువును మేము కోరుకొందుము.

తేలిక పేర పరులకు కీడు చేయువారిని మాత్రము మేము క్షమింపజాలము. సైలెన్సరును తీసివేసి చిన్న గొట్టమును బిగించినచో కొన్ని పౌనులు తగ్గుట నిజమే. ఆ పౌనుల మూల్యమును చెల్లించువాడు బండి యజమాని కాడు. లోయలోని గ్రామస్థుడు, మంచులో ఆకలిని ఓర్చుకొని నిలిచిన అడవిమృగము, తరువాత వచ్చు బండివాడు. ఎల్లోస్టోన్ జాతీయ వనమున మంచుబండ్ల చప్పుడును, పొగయు పెద్ద వివాదమునకు కారణమై, ఏండ్ల తరబడి న్యాయస్థానములకెక్కి, తుదకు 2013లో బండ్ల సంఖ్యకును, శబ్దమునకును, పొగకును కట్టుబాట్లు ఏర్పడెను. నలుగురు చేసిన గోలకు అందఱి దారియు మూయబడుట లోకమున క్రొత్త కాదు. తన హక్కును కాపాడుకొనగోరువాడు ముందుగా తన చప్పుడును తగ్గించుకొనవలెను.

అట్లే తగ్గింపరాని బరువు మఱియొకటి గలదు. మంచు విఱిగిపడు వాలులపై తిరుగువాడు 457 కిలోహెర్ట్‌జులపై పనిచేయు సంకేతయంత్రమును దేహముననే ధరింపవలెను. మంచును గ్రుచ్చి చూచు కడ్డీని, పాఱను బండిపై గాక వీపు సంచిలో నుంచుకొనవలెను. హిమపాతమున బండి యొకచోట, మనిషి యొకచోట పడుట సామాన్యము. పాఱ బరువని ఇంట విడిచినవాడు తన తోడివాని ఊపిరిని ఇంట విడిచి వచ్చినట్లే. బండిని తేలికచేయుటకు గల న్యాయమైన కారణములలో నొకటి, ఇట్టి సామానునకు చోటు కల్పించుటయే యని మా నమ్మకము.

ఇంత శ్రమ ఒక ఆటవస్తువునకేనా యని అడుగువారికి వాల్కోర్ట్ గ్రామపు పసివానిని జ్ఞాపకము చేయుచున్నాము. నేటి కొండబండ్లలో పెక్కు వినోదమునకే తిరుగుచున్నవనుట నిజము. అయినను పర్వతములలో తప్పిపోయినవారిని వెదకునపుడు, కాలు విఱిగినవానిని క్రిందికి తెచ్చునపుడు, వెళ్లుచున్నవియు ఈ బండ్లే. వినోదమునకై నేర్చిన విద్య ఆపదలో అక్కఱకు వచ్చును. పదిసార్లు విప్పి బిగించినవాని చేతికి చీకటిలో సహితము బోల్టు ఎచ్చట నున్నదో తెలియును.

మన దేశమునకు దీనివలన గ్రహింపవలసినది యేమి? గుల్మార్గు వాలులపై తిరుగు బండ్లు అధికభాగము విదేశపు కర్మాగారములలో, విదేశపు ఎత్తులకు, విదేశపు మంచునకు తగినట్లు చేయబడినవి. పదివేల అడుగులకు కట్టిన బండి పదునెనిమిదివేల అడుగులకు పోయినపుడు గాలి పీడనము సముద్రమట్టమున నున్నదానిలో సగమే యుండును. అట్టిచోట పనిచేయు యంత్రమును అక్కడి అనుభవముతోనే మార్చి కట్టవలెను. లోహమెఱిగిన పనివారు మనకు కొఱత లేరు. బెజవాడ ఆటోనగరమున లారీ చట్రము ఎచ్చట పగులునో చేతితో తడవి చెప్పగల మేస్త్రీలు ఎందఱో యున్నారు. కొఱతగా నున్నది వారి అనుభవమును త్రాసుతోను, పుస్తకముతోను జతపఱచు సంకల్పము. మన యింజనీరింగు కళాశాలల విద్యార్థులు ఒక్క బండిని విప్పి, ప్రతి భాగమును తూచి, ఉండుటకు కారణమును వ్రాసి, మరల కట్టినచో, పది పరీక్షలలో రాని చదువు వారికి వచ్చును. మంచుబండి దొరకనిచో మోటారు సైకిలు చాలును. పంట పొలమున తిరుగు స్ప్రేయరు చాలును. ఎండలో దానిని వీపున మోయు కూలివానికి ఒక్కొక్క పౌనును లెక్కయే.

మా తీర్పు నిది. తేలికయన నేమి? అక్కఱలేనిది లేకుండుట. గట్టియన నేమి? అక్కఱయైనది చివరి వఱకు నిలుచుట. ఈ రెంటికిని వైరము లేదు. రెండును ఒకే విచారణకు ఫలములు. విచారణ లేక తగ్గించినది పలుచనయగును. విచారణ లేక పెంచినది మోతయగును. మంచు కొండపై నీ బండి ఎంత తూగుచున్నదని ఎవరైన గర్వముగా చెప్పినచో, నిన్నటి సాయంకాలము అది నిన్ను ఇంటికి తెచ్చెనా యనియు, విఱిగినచో నీ చేతులతో నీవు బాగుచేయగలవా యనియు, నీ ప్రక్కవాని కొఱకు పాఱ మోసితివా యనియు అడుగుడు. మూడింటికిని ఔనని చెప్పగలిగినచో, ఆ బండి త్రాసులో ఎన్ని పౌనులు తూగినను సరే, అతడు పని నేర్చినవాడే యని మేము ఒప్పుకొందుము.